ఇంటి మీద అప్పు తీసుకుని షేర్లలో పెట్టాలనుకుంటున్నారా? ఏ పని ముందు, ఏది తరువాత

ఈ ఏడాది మా చుట్టాల్లో ఇద్దరు, ఆఫీసులో ముగ్గురు నన్ను ఇదే అడిగారు. "ఇల్లు ఊరికే ఉంది కదన్నా, దాని మీద ఓ ముప్పై లక్షలు తీసి మార్కెట్లో పెడితే పదిహేనేళ్లకు ఇంకో ఇల్లు వస్తుంది కదా" అని. బ్యాంకు వడ్డీ పది శాతం, మార్కెట్ పన్నెండో పదిహేనో ఇస్తుంది, మధ్యలో మిగిలేదంతా మనదే అని వాళ్ల లెక్క. 2019లో నేనూ ఇదే లెక్క వేసుకుని తెనాలిలో మా ఇంటి మీద 15 లక్షలు తీసుకున్నాను. 2024లో ఆ అప్పు తీర్చేశాను. చివరికి నష్టపోలేదు, కానీ ఆ ఐదేళ్లలో ఏ పని ముందు చేయాల్సిందో, ఏది చేయకపోవడం వల్ల ఎంత పోయిందో ఇప్పుడు బాగా తెలుసు. అందుకే మీరు బ్యాంకు గుమ్మం ఎక్కకముందే ఇది చదవాలని రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. అడిగిన పదిమందిలో తొమ్మిదిమందికి ఇది అవసరం లేదు. ఎందుకో లెక్కతోనే చూపిస్తాను.

మొదటి పని: కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి

30 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 32,240 రూపాయలు వస్తుంది. 15 ఏళ్లలో మీరు కట్టేది మొత్తం 58 లక్షల పైమాటే, అంటే ఒక్క వడ్డీయే 28 లక్షలు.

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ 32,240 ప్రతి నెలా ఎక్కడి నుంచి వస్తుంది?

"మార్కెట్లో పెట్టిన దాంట్లోంచే తీసి కడతాను" అన్నది మీ జవాబైతే ఇక్కడే ఆగిపోండి. 2008 జనవరిలో నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 6,300 దగ్గర ఉంది, ఆ అక్టోబరు చివరికి 2,500 దగ్గరికి వచ్చింది. ఆ జనవరిలో 30 లక్షలు పెట్టి, నెలనెలా వాయిదా కూడా అందులోంచే తీస్తూ పోయిన మనిషి చేతిలో అక్టోబరు నాటికి మిగిలేది పది లక్షల దగ్గర. అప్పు మాత్రం ఇంకా 29 లక్షల పైనే ఉంటుంది. అక్కడి నుంచి మార్కెట్ ఎంత లేచినా, అమ్మేసిన యూనిట్లు (ఫండ్లో మీ వాటాలు) తిరిగి రావు కాబట్టి ఆ మనిషి కోలుకోవడం కష్టం.

"జీతంలోంచి కడతాను" అన్నది మీ జవాబైతే, మంచిదే, కానీ అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. నెలకు 32,240 కట్టే శక్తి మీకు ఉన్నప్పుడు, అదే డబ్బును ఏ అప్పూ లేకుండా నెలనెలా, నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నిటినీ కొనే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ చేస్తే ఏమవుతుంది? ఈ లెక్క నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఇప్పుడు వేసి చూడండి.

మార్కెట్ ఏటా 12 శాతం చొప్పున 15 ఏళ్లు పెరిగిందనుకుంటే, అప్పు తెచ్చి ఒకేసారి పెట్టిన 30 లక్షలు సుమారు 1 కోటి 64 లక్షలు అవుతాయి. అప్పు చేయకుండా 32,240 సిప్ కట్టినవాళ్లకు సుమారు 1 కోటి 52 లక్షలు వస్తాయి. తేడా 12 లక్షలు. అందులోనూ పన్ను ఉంది. 2024 జూలై 23 నుంచి షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభాల పన్ను, ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం. అప్పు తెచ్చినవాళ్ల కొనుగోలు ఖర్చు 30 లక్షలే కాబట్టి మిగిలినదంతా లాభం కిందే లెక్క, కట్టిన 28 లక్షల వడ్డీని ఆ లాభంలోంచి తీసేసుకోవచ్చని లెక్క వేసుకోకండి. సిప్ కట్టినవాళ్లకైతే కట్టిన 58 లక్షలూ కొనుగోలు ఖర్చే. అన్నీ ఒకేసారి అమ్మి పన్ను కట్టాక చూస్తే ఇద్దరికీ తేడా 7 లక్షల దగ్గరికి దిగిపోతుంది.

అంటే 12 శాతం వచ్చిన మంచి రోజుల్లో కూడా, పదిహేనేళ్లు ఇల్లు తాకట్టులో పెట్టినందుకు దక్కేది 7 లక్షలు. మార్కెట్ 10 శాతమే ఇస్తే? ఒకేసారి పెట్టినది 1 కోటి 25 లక్షలు, సిప్ 1 కోటి 28 లక్షలు, పన్ను ముందే సిప్ దాటిపోయింది. 8 శాతమైతే 95 లక్షలు ఒకవైపు, 1 కోటి 9 లక్షలు ఇంకోవైపు.

ఈ పేరా ఇంకోసారి చదవండి. మీ సొంత వడ్డీ రేటు, మీ గడువు వేసుకుని మీరే ఏదైనా సిప్ కాలిక్యులేటర్లో సరిచూసుకోండి. అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కానీ కథ మారదు. వడ్డీ పదిన్నర, పదకొండు అయిందంటే ఇంకా అధ్వాన్నం. ఈ లెక్క చూశాక "సరే, సిప్పే చేస్తాను" అనిపిస్తే మీకు ఇక మిగతాది అక్కర్లేదు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంచి, రేపే సిప్ మొదలుపెట్టండి.

అయినా ముందుకు వెళ్లాలనుకునేవాళ్లు ఉంటారు. ఇద్దరి జీతాలు గట్టిగా ఉండి, వేరే అప్పు లేకుండా, మార్కెట్ బాగా పడినప్పుడు మాత్రమే ఒక చిన్న మొత్తం తీసుకుందామనుకునేవాళ్లు. మిగతాది వాళ్ల కోసం.

రెండో పని: ఆప్షన్లలో పెట్టే ఆలోచన ఉంటే ఈ అప్పు జోలికే పోకండి

ఇది రెండు ముక్కల్లో చెబుతాను. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్ల, సూచీల ధరల మీద పందెం లాంటి ఒప్పందాలు) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, పోయింది 1.8 లక్షల కోట్ల పైనే. ఆ తర్వాతి ఏడాది 2024-25లో కూడా 91 శాతం మంది నష్టాల్లోనే ఉన్నారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో కాల్స్ ఇచ్చేవాళ్ల మాట విని, ఇంటి డబ్బు తీసుకెళ్లి గురువారమో మంగళవారమో ఆ ఒప్పందాల గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజున పెట్టడం కంటే ఆ ఇల్లు అమ్మేసుకోవడమే నయం, కనీసం ఆ డబ్బైనా పూర్తిగా చేతికి వస్తుంది.

మూడో పని: ఇంట్లో చెప్పండి, అందరినీ కూర్చోబెట్టి

ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఆస్తిలో ఎవరి పేరుంటే వాళ్లందరూ అప్పు పత్రాల మీద సంతకం పెట్టాల్సిందే. ఇల్లు నాన్న పేరు మీద ఉండి ఆయన పోయి ఉంటే, వారసులంతా రావాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతారు, పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి సంతకం కూడా కావాలంటారు. ఆమెకు "ఊరికే ఫార్మాలిటీ" అని చెప్పి సంతకం పెట్టించుకోకండి. రేపు వాయిదాలు ఆగితే ఆమె వాటా కూడా పోతుంది, ఆ సంగతి ఆమెకు ముందే తెలియాలి.

మా ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. నేను అడిగినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. బీరువాలో చీరల కింద నుంచి పసుపు రాసిన ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో 1994 నాటి దస్తావేజు, దాని వెనక స్టాంపు కాగితాల మీద నాన్న సంతకం. "ఎన్నేళ్లకు తిరిగొస్తాయి?" అని ఒక్క మాట అడిగింది. పదిహేనేళ్లు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, "ఐదారేళ్లలో తెచ్చేస్తానమ్మా" అన్నాను. మీరు ఆ జవాబు ముందే సిద్ధం చేసుకుని వెళ్లండి, నిజమైన జవాబు.

నాలుగో పని: బ్యాంకును ముందే, రాతపూర్వకంగా అడగండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఆస్తి తాకట్టు రుణానికి అప్లికేషన్‌లో "ఎందుకు" అనే గడి ఉంటుంది. పిల్లల చదువు, పెళ్లి, వైద్యం, వ్యాపారం, ఇలా. చాలా బ్యాంకులు, బ్యాంకులు కాని అప్పులిచ్చే సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలు ఈ డబ్బును ధరల మీద పందెం లాంటి స్పెక్యులేషన్‌కు వాడను అని మీ చేత రాయించుకుంటాయి, కొన్ని షేర్ మార్కెట్ అని పేరు పెట్టి మరీ రాస్తాయి. నేను అప్పట్లో "వ్యక్తిగత అవసరాలు" అని రాసి, ఒప్పందం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాను. డబ్బు పెట్టేసిన మూడు నెలలకు ఒక రాత్రి ఖాళీగా ఉండి ఆ కాగితాలు తిరగేస్తుంటే ఆ షరతు కనబడింది. షరతు తప్పితే అప్పు మొత్తం ఒకేసారి కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఎవరూ అడగలేదు, కానీ ఆ టెన్షన్ అప్పు తీరేదాకా పోలేదు. నేను చేసింది తప్పు, మీరు చేయకండి.

కాబట్టి ఇలా చేయండి. అప్లికేషన్ ఇవ్వకముందే బ్రాంచికి ఒక ఈమెయిల్ పంపండి: ఆస్తి తాకట్టు రుణం తీసుకుని ఇండెక్స్ ఫండ్లలో దీర్ఘకాలానికి పెట్టాలనుకుంటున్నాను, మీ నిబంధనలు ఒప్పుకుంటాయా అని. ఒప్పుకోమంటే వేరేచోట అడగండి. ఎక్కడా ఒప్పుకోకపోతే వదిలేయండి. ఏజెంటు "ఇంటి రిపేర్లని రాయండి సార్, ఎవరూ చూడరు" అంటాడు. అతనికి కమిషన్ వస్తుంది, సంతకం మీది. హోమ్ లోన్ మీద టాప్-అప్ (దాని మీదే ఇంకో అదనపు అప్పు) తీసుకుందామనుకునేవాళ్లకూ ఇదే మాట. 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు గవర్నరే ఈ టాప్-అప్ డబ్బు స్పెక్యులేషన్ వైపు పోతోందేమో చూడమని బ్యాంకులను హెచ్చరించారు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఎన్నారైలు ఇక్కడి ఆస్తి మీద రూపాయల్లో తీసుకున్న అప్పును స్టాక్ మార్కెట్లో పెట్టడానికి విదేశీ మారక చట్టమైన ఫెమా నిబంధనలే ఒప్పుకోవు. అక్కడితో ఆ సంగతి ముగిసింది.

ఐదో పని: ఏ అప్పు, ఎంత, ఏ షరతుల మీద

ఆస్తి విలువలో సాధారణంగా 50 నుంచి 70 శాతం దాకా ఇస్తారు. ఆ విలువ మీరు చెప్పేది కాదు, బ్యాంకు ప్యానెల్ వాల్యూయర్ వచ్చి కట్టేది. కోటి అని మీరనుకున్న ఇంటిని ఆయన డెబ్బై లక్షలు అనవచ్చు. ఇస్తారు కదా అని గరిష్ఠంగా తీసుకోకండి. నన్నడిగితే, ఇంటికి వచ్చే జీతంలో అన్ని వాయిదాలూ కలిపి మూడో వంతు దాటకూడదు, అప్పు మీ ఆస్తి విలువలో పావు వంతు దాటకూడదు. పావు వంతే అయితే మార్కెట్ సగం పడినా ఇల్లు అమ్మకుండా ఏదో ఒకటి చేసి బయటపడే దారి ఉంటుంది.

2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు గడువు పెట్టి ఇచ్చే ప్రతి కొత్త అప్పుకూ బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి అసలు ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక్క అంకెలో ఉంటుంది. మీ లెక్కలో వేసుకోవాల్సింది బోర్డు మీద ఉన్న వడ్డీ కాదు, ఈ అంకె. ప్రాసెసింగ్ ఫీజు ఒక శాతం అంటే 30 లక్షలకు 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దీనికి వాల్యుయేషన్ ఫీజు, లాయరు ఫీజు, తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం. పైగా అప్పుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే ఇన్సూరెన్స్ అంటగట్టి, ఆ ప్రీమియాన్ని కూడా అప్పులోనే కలిపేస్తారు. అది తప్పనిసరా అని ఈమెయిల్‌లో అడగండి. నోటితో తప్పనిసరి అన్నవాళ్లు రాతలో చాలావరకు అలా అనరు. మీకు టర్మ్ ఇన్సూరెన్స్ (మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే పాలసీ) మాత్రం ఉండాలి, విడిగా తీసుకోండి, అప్పు మొత్తానికి తగ్గకుండా.

వడ్డీ ఫ్లోటింగ్ (మార్కెట్ రేట్లను బట్టి మారేది) అయితే పెరుగుతుందని గుర్తుంచుకుని లెక్క వేయండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య తొమ్మిది పది నెలల్లోనే రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పోయింది. అదే రెండున్నర శాతం మీ అప్పు మీద పడితే 32,240 వాయిదా దాదాపు 37,000 అవుతుంది. ఫ్లోటింగ్‌లో మేలు కూడా ఉంది. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తిగతంగా తీసుకున్న ఫ్లోటింగ్ అప్పును ముందే తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఓవర్‌డ్రాఫ్ట్ రూపంలో ఇస్తే ఇంకా మంచిది, వాడుకున్నంతకే వడ్డీ పడుతుంది, డబ్బు కొద్దికొద్దిగా మార్కెట్లోకి పంపవచ్చు.

ఆరో పని: కాగితాలు

అసలు దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్, మీ జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు. ఈసీ మీరే ముందు తీసి చూసుకోండి, ఎప్పుడో తీర్చేసిన పాత తాకట్టు ఇంకా అందులో కనబడుతుంటే దాన్ని ముందు తీయించాలి. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి. అనుమతి లేని లేఅవుట్లో ఇల్లు, ప్లాన్‌కు మించి కట్టిన పై అంతస్తు ఉంటే చాలా బ్యాంకులు ముట్టుకోవు. పొలం మీద ఈ అప్పు రాదు, వచ్చినా వద్దు, పంట భూమిని మార్కెట్‌కు ముడిపెట్టకండి.

ఒరిజినల్స్ ఇచ్చే రోజున తొందరపడకండి. మా బ్రాంచిలో ఆఫీసరు దస్తావేజు పిన్ను తీసి, పేజీలు లెక్కపెట్టి, ఒక్కో కాగితం నంబరు టైపు చేయించారు. నేను ఆ జాబితా మీద బ్యాంకు ముద్ర, సంతకం వేయించుకుని ఒక కాపీ తెచ్చుకున్నాను. ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీశాను. నా వెనక లైనులో ఉన్నాయన విసుక్కున్నారు కూడా. దాని విలువ ఐదేళ్ల తర్వాత తెలిసింది, చివర్లో చెబుతాను. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (దస్తావేజులు బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్టర్ చేస్తారు. ఆ రోజు నుంచి మీ ఈసీలో ఆ తాకట్టు కనబడుతుంది, ఇల్లు అమ్మాలన్నా బ్యాంకు ఒప్పుకోవాలి.

ఏడో పని: డబ్బు రాకముందే వాయిదాల నిధి

నేను చేసిన అసలు తప్పు ఇక్కడ ఉంది.

నా వాయిదా నెలకు 16,120. జీతం బాగానే ఉంది కదా అని విడిగా ఏమీ పక్కన పెట్టుకోలేదు. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ రోజు పొద్దున పది శాతం పడగానే ట్రేడింగే ఆపేశారు. నా 15 లక్షలు పది లక్షలకు అటూ ఇటూ అయ్యాయి. దాన్నైనా తట్టుకునేవాణ్ని, కానీ ఏప్రిల్ నుంచి మా కంపెనీ జీతంలో 30 శాతం కోసింది. మార్కెట్ పడడం, జీతం తగ్గడం విడివిడిగా వస్తాయని అంతకుముందు అనుకునేవాణ్ని. రెండింటికీ కారణం ఒకటే అయినప్పుడు కలిసే వస్తాయి. రిజర్వు బ్యాంకు మారటోరియం (కొన్ని నెలలు వాయిదా కట్టకుండా ఆగే వీలు) ఇచ్చింది, తీసుకున్నాను, కానీ ఆ నెలల్లో వడ్డీ ఆగలేదు, అప్పు మీదే పడుతూ పోయింది. చివరికి భయపడి, నిఫ్టీ 9,000 దగ్గర ఉన్నప్పుడు 3 లక్షల రూపాయల విలువైన యూనిట్లు అమ్మి ఆ డబ్బు వాయిదాల కోసం ఉంచుకున్నాను. అదే ఏడాది నవంబరుకల్లా మార్కెట్ పాత ఎత్తు దాటేసింది. 2024లో నిఫ్టీ 24,000 దాటినప్పుడు లెక్క చూసుకుంటే ఆ అమ్మేసిన యూనిట్ల విలువ 8 లక్షలు.

ఆ 3 లక్షలు నా దగ్గర ఎఫ్‌డీలో ముందే ఉండి ఉంటే ఒక్క యూనిట్ కూడా అమ్మే అవసరం వచ్చేది కాదు. అందుకే చెబుతున్నాను, కనీసం 18 నెలల వాయిదాలు, మీ సొంత డబ్బు, అప్పు డబ్బు కాదు, అప్లికేషన్ ఇచ్చే రోజుకే ఎఫ్‌డీలో ఉండాలి. 32,240 వాయిదాకు అది సుమారు 5.8 లక్షలు. అంత దాచలేకపోతే అంత అప్పుకు మీరు ఇంకా సిద్ధంగా లేనట్టే. ఇంటి ఖర్చుల కోసం ఉంచుకునే అత్యవసర నిధి దీనికి అదనం.

ఎనిమిదో పని: ఎక్కడ పెట్టాలి

తక్కువ ఖర్చు ఉన్న ఇండెక్స్ ఫండ్, అంతే. తెలిసినవాళ్లు చెప్పిన ఒక్క షేర్లో పెట్టకండి. హైదరాబాదులో ఇది చెప్పడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, 2009 జనవరి 7 చాలామందికి గుర్తుంది. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న సత్యం కంప్యూటర్స్ షేరు ఆ ఒక్కరోజులో 40కి పడింది. మంచి కంపెనీ, మన ఊరి కంపెనీ, అందులో మనవాళ్లు పనిచేస్తున్నారు అన్న నమ్మకంతో దాచుకున్నదంతా అందులోనే పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

డబ్బంతా ఒకేరోజు కాకుండా ఆరు నుంచి పది నెలలు విడతలుగా పంపండి. ఓవర్‌డ్రాఫ్ట్ అయితే సులువు, మొత్తం ఒకేసారి చేతికి వచ్చిన అప్పయితే ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల, రిస్కు తక్కువ ఉండే లిక్విడ్ ఫండ్‌లో ఉంచి అక్కడి నుంచి నెలనెలా మళ్లించండి. అయితే ఆ నెలల్లో వడ్డీ మొత్తం మీదా పడుతూనే ఉంటుందని లెక్కలో రాసుకోండి.

కొన్న షేర్లనో యూనిట్లనో మళ్లీ తాకట్టు పెట్టి ఇంకో మార్జిన్ (షేర్లు కొనడానికి బ్రోకర్ ఇచ్చే అప్పు) తీసుకోవద్దు. బ్రోకర్ యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే నాలుగింతలు కొనమంటుంది, అప్పు మీద అప్పు అది, పడినప్పుడు వాళ్లే మీ షేర్లు అమ్మేస్తారు. ఇంకోటి, యాప్‌లో కనబడేదే నమ్మి ఊరుకోకండి. 2019 నవంబరులో కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందని సెబీ చర్య తీసుకుంది. సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ (షేర్ల ఖాతాలు భద్రపరిచే సంస్థలు) నేరుగా పంపే స్టేట్‌మెంట్ వచ్చినప్పుడల్లా తెరిచి, మీ యూనిట్లు మీ పేరునే ఉన్నాయో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల పని.

తొమ్మిదో పని: పడినప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోండి

2020లో ఎనిమిది నెలల్లో కోలుకుంది కాబట్టి ప్రతిసారీ అలాగే జరుగుతుందని చాలామంది అనుకుంటున్నారు. 2008 జనవరిలో 6,300 దగ్గర కొన్నవాళ్లు 2013 ఆగస్టులో చూసుకుంటే నిఫ్టీ 5,300 దగ్గర ఉంది. ఐదున్నరేళ్లు. ఆ ఐదున్నరేళ్లూ నెలనెలా వాయిదా కడుతూ, దాదాపు ఎప్పుడూ స్క్రీన్ మీద నష్టమే చూస్తూ ఉండాలి, ఇంట్లో వాళ్లు ఏమీ అనకపోయినా వాళ్ల ముఖాలు చూస్తూ ఉండాలి. మీ భార్యతోనో భర్తతోనో కూర్చుని ఒక కాగితం మీద రాయండి: సగానికి పడినా అమ్మము, వాయిదాలు నిధిలోంచి కడతాము, ఉద్యోగం పోయి ఆరు నెలలు దాటితే ఇంత మాత్రమే అమ్ముతాము. ఇద్దరూ సంతకం పెట్టండి. మార్కెట్ ఎర్రగా ఉన్న రోజు కొత్తగా ఆలోచించే పరిస్థితి ఉండదు.

వాయిదా ఆగితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే కోర్టుకు వెళ్లి గెలవాల్సిన అవసరం లేకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుని వేలానికి పెట్టవచ్చు. మీకు అన్యాయం జరిగిందనిపిస్తే 45 రోజుల్లో బాకీల వసూలు ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకి వెళ్లాలి, మన దగ్గర హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి. అంతదాకా రానివ్వకండి. ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమని అడగండి. ఫోన్ ఎత్తకుండా తిరగడం వల్ల అప్పు ఒక్క రూపాయి తగ్గదు.

పదో పని: తీర్చడం, కాగితాలు తెచ్చుకోవడం

పదిహేనేళ్లు లాగకండి. ఐదేళ్లు దాటాక, మార్కెట్ బాగున్న ఏడాదిలో, పెట్టుబడి విలువ పన్ను పోను మిగిలిన అప్పు కంటే బాగా ఎక్కువగా ఉంటే అప్పు పూర్తిగా తీర్చేసి మిగిలిన యూనిట్లు ఉంచుకోండి. ఇంకా పెరుగుతుందేమో అని నేనూ 2024లో రెండు నెలలు ఊగిసలాడాను. ఆగస్టులో కట్టేశాను.

అప్పు తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆలస్యం వాళ్ల వల్ల జరిగితే రోజుకు 5,000 చొప్పున మీకు ఇవ్వాలి. నాకు పన్నెండో రోజున కవరు ఇచ్చారు. అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి జాబితాతో సరిచూస్తే 1978 నాటి లింక్ డాక్యుమెంట్ ఒకటి లేదు. "అది మీరు ఇచ్చి ఉండరు సార్" అన్నారు. ముద్ర వేసిన జాబితా, ఫోటోలు చూపించాను. వారం తర్వాత వేరే ఊళ్లోని రికార్డు రూములో దొరికిందని ఫోన్ వచ్చింది. ఆ కాపీ నా దగ్గర లేకపోయి ఉంటే ఆ కాగితం లేకుండానే సంతకం పెట్టి వచ్చేవాణ్ని.

కాగితాలతో పాటు నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు విడుదల రిజిస్టర్ చేయించండి, చాలామంది ఇది మరిచిపోతారు, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు తంటా వస్తుంది. తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో కూడా తీసేశారా అని బ్యాంకును అడగండి. పదిహేను రోజులు ఆగి కొత్త ఈసీ తీసి చూడండి, సిబిల్ రిపోర్టులో అప్పు క్లోజ్ అని వచ్చిందో లేదో కూడా. మా ఈసీలో విడుదల ఎంట్రీ కనబడిన రోజు సాయంత్రం కవరు అమ్మ చేతికి ఇచ్చాను. పేజీలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, మళ్లీ చీరల కింద పెట్టింది.